కాగితాల పిన్ని రాసిన చీటీ

కాగితం చేతికి వస్తే చెవి దగ్గర పెట్టుకోవడం పిన్నికి అలవాటు. బొటనవేలితో అంచు మీద ఒక్కసారి మీటుతుంది. టప్‌మని పలికితే ఆరిన కాగితం, మెత్తగా తుస్సుమంటే చెమ్మ పట్టిన కాగితం. ఇరవై రెండేళ్లు పుస్తకాలు కుట్టి అట్టలు వేసిన మనిషి కదా, ఆ చెవికి తప్పు పోదు. అందుకే వీధిలో అందరికీ ఆమె కాగితాల పిన్ని. వయసులో పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. ఆమె ఏమీ అనుకోదు.

బైండింగు షాపు మూతపడ్డాక ఆమె జిరాక్సు షాపులో చేరింది. అక్కడి మిషను మొరాయిస్తే బాగుచేసే మనిషి కోసం మూడేసి రోజులు కళ్లు కాయలు కాసేలా చూడవలసి వచ్చేది. ఆయన వచ్చాక కూడా, ఏం చేస్తున్నాడో ఎవరికీ కనబడకుండా వీపు అడ్డం పెట్టుకుని చేసేవాడు. పిన్ని టీ ఇచ్చే నెపంతో పక్కకు వెళ్లి నిలబడేది. అలా ఎన్ని టీలు అయ్యాయో గాని, ఒకరోజు ఆయన నవ్వేసి, "ఇంకా ఎంతసేపు దొంగచూపులు చూస్తావమ్మా? ఇలా రా, కూర్చో. నాకూ నడుం పడిపోయింది" అని స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాడు. తన బతుకుతెరువును ఇంకొకరి చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. పిన్ని ఇప్పటికీ పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు తన పిల్లల తరవాత ఆయన్ని కూడా తలుచుకుంటుంది.

ఇది పదకొండేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఇళ్లవాళ్లూ ఆఫీసులవాళ్లూ ఆమెనే పిలుస్తారు. ఒక గుడ్డసంచి, అందులో రెండు స్క్రూడ్రైవర్లు, మెత్తని బట్ట, చిన్న బ్రష్షు, టార్చి, రెండు అట్టల మధ్య మడత పడకుండా పెట్టుకున్న పాతిక తెల్ల కాగితాలు. సంచి మోసేది ఆమె భర్త. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. స్కూటరు మీద దింపి, ఎక్కడికి వెళ్లినా గుమ్మం బయటే ఆగిపోతాడు.

"లోపలికి రండి, కూర్చోవచ్చు" అంటే, "లోపల నువ్వు డాక్టరువి. డ్రైవరు అంబులెన్సు దగ్గరే ఉండాలి" అంటాడు.

పిన్ని పనిలో ఒక పద్ధతి ఉంది. వెళ్లగానే మిషను ముట్టుకోదు. కుర్చీ వెనక నిలబడి, "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. నేను లేననుకోండి" అంటుంది. సగం రోగం అప్పుడే బయటపడుతుంది. ఒక వకీలుగారి ఇంట్లో అచ్చు రావడం లేదని ఆయన మీట ముప్ఫైసార్లు నొక్కాడట. పిన్ని వెనకాల ఊడిన తీగ సరిచేయగానే ఒకటే నోటీసు ముప్ఫై ప్రతులు వరసగా వచ్చి నేల మీద పడ్డాయి. "ఒక్కసారి చెప్తే చాలండి, అది గుర్తుపెట్టుకుంటుంది. వినకపోతే గట్టిగా అరవకూడదు, దాని చెవి ఎక్కడుందో చూడాలి" అంది పిన్ని. ఇంకో ఇంట్లో కంప్యూటరు రెండేళ్ల కిందట అమ్మేసిన పాత ప్రింటరుకే పని పంపుతూ కూర్చుంది. కొత్తది పక్కనే ఖాళీగా ఉంది. మరొకరు కొత్త టోనరు, అంటే సిరాపొడి డబ్బా, వేసి, దానికి అంటించి ఉన్న పసుపుపచ్చ పట్టీ లాగకుండానే అక్షరాలు రావడం లేదని రెండు రోజులు బెంగపెట్టుకున్నారు. పిన్ని ఎవరినీ చూసి నవ్వదు. తెలియకపోవడం తప్పు కాదు, అడగడానికి సిగ్గుపడేలా ఎదుటివాళ్లని చూసి నవ్వడం తప్పు అని ఆమె నమ్మకం. మూత తెరిచే ముందు ఒక్క క్షణం అరచెయ్యి మిషను మీద ఆనించి కళ్లు మూసుకుంటుంది. "ఏం మంత్రం పిన్నీ అది?" అని అడిగేవాళ్లున్నారు. "మంత్రమా పాడా! దీని దగ్గర నాకు తొందర పుట్టించకు స్వామీ అని అడుగుతానంతే" అంటుంది.

అలాంటి పిన్నికి తొందర పుట్టిన రోజు ఒకటుంది. దాని వల్లే ఈ కథ.

అది జరిగిన కొన్నాళ్లకు, పొద్దున ఎనిమిది కాకముందే పిన్ని ఇంటి గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. వేలు పట్టుకుని ఒకటో తరగతి చదివే కూతురు. అమ్మాయిని బడి ఆవరణలో చూసినట్టు పిన్నికి గుర్తొచ్చింది. బడి ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా. ఆ బడిలో ప్రింటరు బాగుచేయడానికి పిన్ని రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఆ అమ్మాయి సీట్లో లేదు, పాపకు మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వెళ్లింది.

"కూర్చోమ్మా. ప్రింటరు మళ్లీ ఆగిందా?"

"ఆగడానికేముంది పిన్నీ, రోజూ ఆగుతోంది. నేను దాని గురించి రాలేదు. నా గురించి వచ్చాను." అమ్మాయి పాప జడ సర్దుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "నా తప్పేంటో నాకు నేర్పుతారా? ఇవాళ సాయంత్రం లోపల నేర్చుకోవాలి."

"నీ తప్పా? నీ తప్పని ఎవరన్నారు?"

అమ్మాయి పాప జడ వదిలి తల ఎత్తింది. "మీరే పిన్నీ" అంది.

పిన్ని చేతిలో ఉన్న చేట పక్కన పెట్టేసింది.

విషయం ఇదీ. అమ్మాయి ఆ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఆరు నెలలూ చూసి, పని నచ్చితే ఉంచుతామని మొదట్లోనే చెప్పారు. గడువు ఇవాళే. ఈ సాయంత్రం బడి వదిలేలోపు హెడ్మిస్ట్రెస్ ఆమె కాగితం మీద ఉంచవచ్చనో వద్దనో రాయాలి. అమ్మాయి పని అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఆమె వచ్చినప్పటి నుంచే ప్రింటరు పాడైంది. కాగితాలు ఇరుక్కుంటాయి. ఇరుక్కోకుండా వచ్చినవి ముట్టుకుంటే అక్షరాలు చేతికంటుతాయి. అంతకు ముందు ఏళ్లతరబడి కిమ్మనకుండా పనిచేసిన మిషను. అంతకన్నా పెద్ద సాక్ష్యం, రెండోసారి వచ్చినప్పుడు పిన్ని రాసిచ్చిన చీటీ. "యంత్రంలో లోపం లేదు. వాడే తీరులో ఉంది." కింద పిన్ని సంతకం. ఆ చీటీ ఇప్పుడు ఫైల్లో ఉంది.

"దీనికి ముందు నేను బట్టల షాపులో చేశాను. ఇది నిద్ర లేవకముందు వెళ్లి, పడుకున్నాక వచ్చేదాన్ని. మా అమ్మ పెంచింది దీన్ని. ఇప్పుడు ఇద్దరం కలిసి వెళ్తాం, కలిసి వస్తాం" అంది అమ్మాయి. ఫిర్యాదులా కాదు, మామూలుగా చెప్పింది. "మీరు రాసింది తప్పని నేననడం లేదు. ఏం తప్పు చేస్తున్నానో నాకే తెలియడం లేదు. అది తెలిస్తే మేడమ్‌తో ఇకమీదట చెయ్యనని చెప్పుకోవచ్చు కదా."

పిన్నికి ఆ రోజు గుర్తొచ్చింది. వాన ముంచుకొస్తోంది. బయట భర్త హారను కొడుతున్నాడు. మిషను తెరిచి, లోపల తెల్లటి ధూళి ఉంటే చౌక కాగితం రాల్చే పొడి అనుకుని తుడిచేసింది. తన సంచిలోని కాగితాలు నాలుగు పెట్టి అచ్చు తీసింది. ముత్యాల్లా వచ్చాయి. "లోపం లేదు" అని రాసి, ఆ పైన, మరి ఎందుకు ఆగుతోందని ఎవరో అడిగితే ఆ రెండో మాట కూడా రాసి, స్కూటరెక్కేసింది. వాడే మనిషి చేత చేయించి చూడలేదు. వాళ్ల కాగితం చెవి దగ్గర పెట్టుకోలేదు. చూడని చేతి మీద నింద రాసింది.

"తప్పు నీది కాదేమో తల్లీ. నాదేమో" అంది పిన్ని. తరవాత లోపలికి చూసి, "ఏవండీ! స్కూటరు తియ్యండి" అని కేకేసింది.

"టిఫినైనా తిననివ్వవా?" అన్నాడు భర్త లోపలి నుంచి.

"నేనొక మనిషి పొట్ట కొట్టేలా ఉన్నాను, మీ పొట్ట తరవాత చూద్దాం."

ఆయన మారు మాట్లాడకుండా వచ్చాడు. పాప చేతిలో ఒక అరటిపండు పెట్టి, తను ఒకటి తింటూ స్కూటరు తీశాడు.

బడి ఆఫీసు ఒక పొడుగాటి గది. ఇటు గోడకు హెడ్‌క్లర్కు గారి బల్ల, అటు గోడకు అమ్మాయి బల్ల, మధ్యలో స్టూలు మీద ప్రింటరు. అమ్మాయి వెనక ఇనప బీరువా. కిటికీ కింద గోడకానించి కాగితాల కట్టలు. ఆ గోడకు వర్షాకాలపు మరక నడుమెత్తు వరకు ఉంది. హెడ్‌క్లర్కు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్క రోజు ఆలస్యం కాని మనిషి. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. అందరికన్నా ముందు వచ్చి, కిటికీలు తెరిచి, కుండలో నీళ్లు పోయించి, బల్లలు తుడిచి ఉంచుతారు. ప్రింటరు ట్రేలో కాగితాలు కూడా ఆయనే నింపి పెడతారు. అది ఆయన పని కాదు. వచ్చీ రాగానే ఆ పిల్ల వంగి కట్టలు మొయ్యక్కర్లేకుండా అని.

"రా చెల్లెమ్మా. నువ్వైనా ఏదో ఒకటి తేల్చి పుణ్యం కట్టుకో" అన్నారాయన. ముఖంలో నిజంగా బాధ ఉంది.

గుమ్మం దగ్గర అటెండరు నిలబడి ఉన్నాడు. ఘుమఘుమలాడే మనిషి. జేబులో దువ్వెన, ముఖం మీద మందంగా పౌడరు ఉంటాయి. "తేల్చడానికేముంది సార్? కొన్ని చేతులంతే. మా అత్త మొక్క నాటితే మొక్కే కాదు, కుండీ కూడా పగిలేది. హస్తవాసి!" అన్నాడు.

"నీ హస్తవాసి సంగతి తరవాత. ఆ కుర్చీ ఇలా జరుపు" అంది పిన్ని. అమ్మాయి వైపు తిరిగి, "నేను లేననుకో. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అంది.

అమ్మాయి కూర్చుంది. చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు. పేజీ కొలత సరిచూసింది. ఏ ప్రింటరుకి వెళ్తోందో చూసింది. ఒక్కసారే నొక్కింది. మిషను లోపల చక్రం గిర్రున తిరిగింది, కాగితాన్ని పట్టుకోలేదు. మళ్లీ తిరిగింది. సగం లాగి ఆగిపోయింది. ఎర్రదీపం.

"చూశారా!" అన్నాడు అటెండరు.

అమ్మాయి మూత తెరిచి, కాగితం వెళ్లే దారినే రెండు చేతులతో మెల్లగా లాగింది. ఎక్కడా చిరగలేదు. పిన్ని ఆశ్చర్యపోయింది. చాలామంది ఎదురు లాగి ముక్క లోపల వదిలేస్తారు. నేర్పినవాళ్లు లేకుండా తనంతట తాను నేర్చుకున్న చేయి. ఆ చేతినా తను నిందించింది!

మూడో ప్రయత్నానికి ఒక కాగితం బయటికి వచ్చింది. అక్షరాలున్నాయి. పిన్ని వేలితో రుద్దితే అక్షరం నల్లపొడిలా లేచిపోయింది.

అప్పుడు పిన్ని ట్రే బయటికి లాగి, పైకాగితం తీసి చెవి దగ్గర మీటింది. తుస్సుమంది. చెమ్మ. కానీ చెమ్మ కాగితం వేళ్లకు అతుక్కోవాలి. ఇది జారుతోంది. రెండు వేళ్ల మధ్య రుద్దింది. ఆమె వేళ్లకు ఆ నునుపు తెలుసు. బైండింగు షాపులో కొత్తగా జిగురు పూసిన అట్టలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్య తెల్లపొడి చల్లేవారు. సరిగ్గా ఆ నునుపే. కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికెవరో పౌడరు రాశారు" అంది.

గదిలో అందరూ అటెండరు వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు?" అని వాడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నా ముఖానికే చాలక నెల చివర సర్దుకుంటున్నాను, కాగితాలకు రాస్తానా? ఇలా ఇవ్వండి." కాగితం లాక్కుని గాఢంగా వాసన చూశాడు. "ఇది మల్లెపూల వాసన. నాది గంధం. కావాలంటే బుగ్గ వాసన చూడండి!"

"ఆ అవసరం లేదులే బాబూ" అంది పిన్ని. అమ్మాయికి కూడా నవ్వొచ్చింది. "ఆరు నెలలుగా ఈ వాసన మీదే అనుకుంటున్నానన్నా" అంది వాడితో.

హెడ్‌క్లర్కు గారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. తరవాత లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

పిన్ని కాసేపటికి ఆయన వెనకే వెళ్లింది. ఆయన స్తంభానికి ఆనుకుని, మైదానంలో కవాతు చేస్తున్న పిల్లల వైపు చూస్తున్నారు.

"మల్లెపూల డబ్బా నా సొరుగులో ఉంది చెల్లెమ్మా" అన్నారు తిరిగి చూడకుండానే.

పిన్ని పక్కకు వచ్చి నిలబడింది. ఆయనే చెప్పారు. అమ్మాయి చేరిన రోజు ఆమె ఫైళ్లకు చోటు ఉండాలని బీరువా ఖాళీ చేయించారు. అందులో ఉండే కాగితాల కట్టలు కిటికీ కిందకు వెళ్లాయి. వానలకు గోడ చెమర్చింది. రెండేసి కాగితాలు అతుక్కుని వెళ్తుంటే పిల్ల తంటాలు పడటం చూశారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో చేత్తో తిప్పే స్టెన్సిల్ మిషను ఉండేది. వానాకాలం కాగితాలు అంటుకుంటే పైన చిటికెడు పౌడరు జల్లి, గుడ్డతో తుడిచేవారు. చక్కగా వెళ్లేవి. అది జ్ఞాపకం వచ్చి, రోజూ పొద్దున అందరికన్నా ముందు వచ్చినప్పుడు ఆ పని చేస్తున్నారు.

"అమ్మాయికి చెప్పలేదా?"

"చెప్పడానికేముంది? చేసి పెడితే సరిపోతుందనుకున్నాను. పాడైన కొద్దీ ఇంకొంచెం ఎక్కువ జల్లాను." ఆయన కళ్లజోడు మళ్లీ తీశారు. "పిల్లకి సాయం చేస్తున్నాననుకున్నానమ్మా. మెడకి ఉరి వేస్తున్నాననుకోలేదు."

ఆ స్టెన్సిల్ మిషను కాగితాన్ని తడిసిరాతో ఒత్తేది. ఇది రబ్బరు చక్రంతో పట్టి లాగి, పొడిసిరాను వేడితో కరిగించి అంటిస్తుంది. చక్రానికి పౌడరంటితే పట్టు జారుతుంది. కాగితానికి పౌడరుంటే కరిగిన సిరా పౌడరుకు అంటుతుంది గాని కాగితానికి అంటదు. పిన్ని ఇదంతా విడమరిచి చెప్పింది. ఎక్కడా తప్పు పట్టినట్టు లేకుండా, వంట చెప్పినట్టు చెప్పింది. చివర, "అన్నయ్యగారూ, చెమ్మ కూడా నిజమే కదా. కాగితం చెమ్మెక్కింది అని రాసేస్తాను. డబ్బా సంగతి మనిద్దరి మధ్య ఉంటుంది" అంది.

ముప్ఫై నాలుగేళ్లలో ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్క రిమార్కు లేదు.

"వద్దు. చెమ్మ అని రాస్తే కాగితం చూసుకోవలసింది ఎవరంటారు. మళ్లీ ఆ పిల్ల మీదికే వస్తుంది" అన్నారు. "సగం చెప్పి దేవుడి ముందు ఎలా నిలబడను? పద."

సొరుగులోంచి డబ్బా తీసి, బడికి తేకూడనిదేదో తెచ్చి దొరికిపోయిన పిల్లవాడిలా రెండు చేతులతో పట్టుకుని, అమ్మాయిని కూడా రమ్మని, ఆయనే ముందు నడిచారు.

హెడ్మిస్ట్రెస్ గారు మాట పొదుపు మనిషి. ముగ్గురినీ నిలబెట్టే విన్నారు. డబ్బా మూత తీసి చూశారు. మూత పెట్టారు.

"అంటే ఆరు నెలలుగా ఈ బడి సర్టిఫికెట్లన్నీ ముస్తాబు చేసుకుని వెళ్తున్నాయన్నమాట."

హెడ్‌క్లర్కు గారి ముఖం ఎర్రబడింది. అమ్మాయికి ఈ సంగతి అప్పుడే మొదటిసారి తెలిసింది. ఆమె ఆయన వైపు చూసిన చూపులో కోపం ఉంటుందేమోనని పిన్ని భయపడింది. కోపం లేదు. రోజూ ట్రే నిండి ఎందుకుంటుందో తెలిసిన చూపు అది.

పిన్ని ముందుకు వచ్చింది. "మేడమ్, నేను రాసిన చీటీ నాకిచ్చెయ్యండి. చింపేస్తాను. చూడకుండా రాశాను."

"అలా చింపకూడదు చెల్లెమ్మా" అన్నారు హెడ్‌క్లర్కు గారు వెంటనే. "ఫైల్లోకి వెళ్లిన కాగితం తియ్యడానికి లేదు. దాని కిందే రాయాలి. తేదీ వెయ్యాలి."

ఆ సిగ్గులో కూడా ఆయనకు నియమం గుర్తుంది. హెడ్మిస్ట్రెస్ గారి పెదవి కొంచెం కదిలింది. ఫైలు తెరిచి, కలం ఇచ్చారు.

పిన్ని రాత గుండ్రంగా ఉంటుంది. నిలబడే, బల్ల అంచున పెట్టుకుని రాసింది. "పై మాట నా పొరపాటు. నా సంచిలోని కాగితంతో పరీక్ష చేశాను, ఇక్కడి కాగితం చూడలేదు. ఈ అమ్మాయి చేతిలో ఏ లోపమూ లేదు. ఆమె పని నేను ఇవాళ కళ్లారా చూశాను." సంతకం చేసింది. హెడ్‌క్లర్కు గారు కలం అందుకుని, దాని కింద, "ట్రేలోని కాగితాలకు పౌడరు అద్దినది నేను. ఆమెకు తెలియదు" అని రాసి, తేదీ వేశారు.

హెడ్మిస్ట్రెస్ గారు రెండూ చదివారు. "మాటలు బాగున్నాయి. కానీ నాకు కావలసింది కాగితం. రేపు ఇవ్వవలసిన సర్టిఫికెట్లు ఇరవై ఆరున్నాయి. బడి వదిలేలోపు, చేతికి నలుపు అంటకుండా నా బల్ల మీదికి రావాలి. అమ్మాయే తియ్యాలి. అవి చూసి నా మాట నేను రాస్తాను" అన్నారు. తన వెనక అల్మరాలోంచి విప్పని కట్ట ఒకటి తీసి ఇచ్చారు.

మధ్యాహ్నమంతా పిన్నికి పని సరిపోయింది. మిషను ఆపి, తీగ తీసి, చల్లారనిచ్చింది. రబ్బరు చక్రాన్ని పిండేసిన తడిబట్టతో తుడిచింది, తిప్పుతూ తుడిచింది. బట్టకు తెల్లగా అంటింది. మూడు బట్టలు మార్చాక నల్లటి రబ్బరు కనబడింది. మూలల్లో బ్రష్షు పెట్టింది. పాప అన్నం తిని, అమ్మ బల్ల కింద కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. అటెండరు ఎవరూ చెప్పకుండానే నీళ్లు తెచ్చిపెట్టాడు. పిన్ని భర్త గుమ్మం బయటి నుంచి, "పేషెంటు ఎలా ఉంది?" అని రెండుసార్లు అడిగాడు.

మూడు గంటలకు అరచెయ్యి మిషను మీద ఆనించింది. ఈసారి కళ్లు కొంచెం ఎక్కువసేపే మూసుకుంది. తరవాత అమ్మాయికి కుర్చీ వదిలింది.

మొదటి సర్టిఫికెట్ ఆగకుండా వచ్చింది. అటెండరు బొటనవేలితో రుద్దాడు. నల్లగా అంటింది.

అమ్మాయి ముఖం పాలిపోయింది. హెడ్‌క్లర్కు గారు కుర్చీ అంచు పట్టుకున్నారు.

"లోపల వేడి చేసే గొట్టం మీద ఇంకా ఉంటుంది. అక్కడికి నా బట్ట పోకూడదు" అంది పిన్ని. "దాన్ని కాగితమే తుడుచుకు రావాలి. ఖాళీ కాగితాలు పంపు తల్లీ. ఏమీ రాయకుండా. తొందరపడకు."

అమ్మాయి ఒక్కొక్కటే పంపింది. అయిదు. పది. పదిహేను. తెల్ల కాగితాలు మౌనంగా వచ్చి పడుతున్నాయి. పిన్ని ఒక్కొక్కటీ వేళ్ల మధ్య రుద్ది చూస్తోంది. పంతొమ్మిదో కాగితం దగ్గర తల ఊపింది. "ఇప్పుడు తియ్యి."

సర్టిఫికెట్ వచ్చింది. అటెండరు బొటనవేలు బాగా తుడుచుకుని, కాగితం మీద పెట్టి గట్టిగా రుద్దాడు. వేలు ఎత్తి చూశాడు. కిటికీ దగ్గరకు వెళ్లి వెలుగులో చూశాడు. "ఏం లేదు" అన్నాడు, నమ్మలేనట్టు. ఆ తరవాత ఇరవై ఆరింటినీ వాడే పట్టుకుని, అంచులు సరిచేసి, హెడ్మిస్ట్రెస్ గారి గదికి మోసుకెళ్లాడు. తిరిగొచ్చి, "మేడమ్ అన్నీ వేలితో రుద్ది చూశారు. ఇరవై ఆరూ! మీ హస్తవాసి మంచిదే" అన్నాడు అమ్మాయితో. పొద్దున తనన్న మాట తనకే గుర్తొచ్చిందేమో, బయటికెళ్లి కాసేపు దువ్వెనతో కుస్తీ పట్టాడు.

వెనకే ఫైలు కూడా వచ్చింది. చీటీ మీద ఆ రెండు రాతల కింద హెడ్మిస్ట్రెస్ గారి రాత. "చూశాను. అమ్మాయిని కొనసాగించవచ్చు. హెడ్‌క్లర్కు గారు కొత్తగా ఏ సాయం చేసినా ముందు ఒక మాట చెప్పి చేయవలసింది."

హెడ్‌క్లర్కు గారు ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివారు. ముప్ఫై నాలుగేళ్లకు మొదటి రిమార్కు. "న్యాయంగానే రాశారు" అన్నారు. అని, ఏం చెయ్యాలో తోచనట్టు కిటికీ కింద కట్టల వైపు చూస్తూ నిలబడ్డారు. మనిషి ఒక్కసారిగా ముసలివారైపోయినట్టు కనిపించారు.

అమ్మాయి ఆయన్ని చూసింది. కళ్లు తుడుచుకుని లేచి, బీరువా తెరిచింది. కింది అరలో ఉన్న తన ఫైళ్లన్నీ తీసి బల్ల మీద పేర్చింది.

"సార్, ఇవి పై అరలో సర్దుకుంటాను. కింది అర కాగితాలకే. నేను ఒక్కదాన్నే మోయలేను. కొంచెం సాయం పట్టరా?"

ఆయన గబగబా చొక్కా చేతులు మడుచుకున్నారు. వంగి మొదటి కట్ట ఎత్తబోయి ఆగి, పిన్ని వైపు తిరిగి, "ఇది పనికొస్తుందా చెల్లెమ్మా, చెమ్మెక్కిందా?" అని అడిగారు.

పిన్ని ఒక కాగితం లాగి ఆయన చెవి దగ్గర పెట్టి మీటింది. "మీరే చెప్పండి అన్నయ్యగారూ."

ఆయన తల వంచి, చాలా శ్రద్ధగా విన్నారు.